గెలిచినోళ్లకే మైకా?

ఇప్పటి గుళ్లలో సాక్ష్యం చెప్పాలంటే ముందు ఏదో ఒకటి గెలిచి ఉండాలి. కిడ్నీలో రాయి కరిగిపోయి ఉండాలి. కొడుక్కి బెంగుళూరులో ఉద్యోగం వచ్చి ఉండాలి. కోర్టులో స్థలం కేసు మన వైపు తిరిగి ఉండాలి. అప్పుడు మైకు ఇస్తారు. వెనక కీబోర్డు తమ్ముడు సన్నగా ఒక రాగం తీస్తాడు. చెప్పేవాళ్లు చెప్తారు, వినేవాళ్లు చప్పట్లు కొడతారు, పాస్టరు గారు "ఇంకా ఎవరైనా?" అని నాలుగు దిక్కులా చూస్తారు. రాయి కరగనివాడు, ఉద్యోగం రానివాడు, కేసు ఓడిపోయినవాడు వెనక బెంచీలో తల వంచుకుని కూర్చుంటారు. వాళ్ల దగ్గర చెప్పడానికి ఏముంటుందిలే అని అందరి లెక్క.

మా రోజుల్లో ఇట్లా లేదప్పా. ఈ మాట నా నోట రాగానే మా మనవడు ఫోన్లోంచి తల ఎత్తకుండానే "మొదలైంది" అంటాడు. అననీ. బడిపంతులుగా పనిచేసి రిటైరైనవాడికి వినేవాళ్లు ఉన్నా లేకున్నా చెప్పే జబ్బు పోదు.

నేను పుట్టినప్పుడు మా ఊరు బళ్లారి జిల్లాలో ఉండేది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఇటు వచ్చాయి. ఎమ్మిగనూరు, మంత్రాలయం అప్పట్లో ఆదోని తాలూకాలోవే. అందుకే మా గుడిలో పాటలు తెలుగు, తగాదాలు సగం కన్నడం. బళ్లారిలో 1810లోనే జాన్ హ్యాండ్స్ అనే దొర లండన్ మిషన్ పని మొదలుపెట్టాడు. ఆ తర్వాత ఆ మాట మెల్లగా పల్లెలకు పాకింది. మా పేటలో గుడి అంటే నాలుగు మట్టి గోడలు, పైన బోద కప్పు, ముందర వేపచెట్టు. గంట కొనే స్తోమత లేక చెట్టుకు రైలు పట్టా ముక్క వేలాడదీసి ఇనుప కమ్మీతో కొట్టేవాళ్లు. ఆదివారం ఉపదేశి సైకిలు తొక్కుకుంటూ వచ్చేవాడు. మిగతా ఆరు రోజులూ గుడి మా అవ్వలదే.

బుధవారం రాత్రి కూడిక. వారానికొక ఇంట్లో. ఆడవాళ్లు కూలికి పోయి వచ్చి, పిల్లలకింత సంగటి పెట్టి, చాపలు చంకన పెట్టుకుని వచ్చేవాళ్లు. మధ్యలో బుడ్డి దీపం, ఒక డోలక్కు, తాళాలు. పాట అయిపోయాక ఎవరో ఒకరు లేచేవాళ్లు. "అప్పుకు వడ్డీ కట్టలేక నా కొడుకును జీతానికి పెట్టినాము. వాడు రాత్రిళ్లు ఎద్దుల కాడనే పండుకుంటాండాడు." అంతే. కూర్చునేవాళ్లు. ఇంకొకామె రవిక చేయి పైకి జరిపి, "ఇదో, నిన్న తాగొచ్చి కొట్టినాడు" అని దీపం దగ్గరకు చేయి చాపేది. ఇంకో అవ్వ, "ఇంట్లో గింజల్లేవు, దేవునికి తెలుసు, మీకూ తెల్వాలని చెప్తాండా" అనేది. దీన్నే సాక్ష్యం అనేవాళ్లు. దానికి ముగింపు ఉండేది కాదు. వచ్చే బుధవారం అదే కష్టం మళ్లీ చెప్పినా "పోయిన వారమే చెప్పినావు కదమ్మా" అని ఒక్కరూ విసుక్కునేవాళ్లు కాదు. కష్టం తీరలేదు కదా, మళ్లీ చెప్పక ఏం చేస్తుంది?

ఇంకో అలవాటు ఉండేది. పిడికెడు గింజలు. జొన్నలు విసరడానికి తీసేటప్పుడు ముందు ఒక పిడికెడు తీసి పక్క కుండలో వేయాలి. ఆదివారం ఆ కుండ గుడికి వచ్చేది. అందులో ఉపదేశికి కొంత, మిగతాది ఆ వారం పొయ్యి వెలగని ఇంటికి. మా అవ్వ పిడికిలి నాకు ఇప్పటికీ గుర్తే. ఏళ్ల తరబడి కలుపు తీసి తీసి వేళ్లు పూర్తిగా ముడుచుకునేవి కావు. అందుకని ఆమె పిడికెడు కొంచెం ఎక్కువే పడేది. వానలు లేని ఏడు ఒకసారి మా నాయన, "మనకే లేవు, ఇంక పిడికెడు ఏందమ్మా" అన్నాడు. "మనకు లేవని ఆ కుండకు తెల్సా?" అని ఆమె జవాబు. ఆ వారం ఆ కుండ మా ఇంటికే వచ్చింది. ఎవరింటి గింజలు ఎవరింటికి వచ్చాయో లెక్క రాసిన కాగితం ఎక్కడా లేదు.

మా చెల్లెలి సంగతి చెప్తాను. నాలుగేళ్ల పిల్ల. ఆ ఏడు వానాకాలం చెరువు నీళ్లు చెడి ఊరంతా వాంతులు, భేదులు. రాత్రి మొదలైంది. ఆదోని ఆసుపత్రికి బండి కట్టేలోపే, తెల్లారేసరికి అయిపోయింది. గుడి ముందర వేపచెట్టు కింద పెట్టి ఉపదేశి ప్రార్థన మొదలుపెట్టబోతే మా అమ్మ లేచి నిలబడింది. గోడకున్న కొయ్య సిలువ వైపు చేయి చూపించి, "నీ కొడుకును మూడోనాడు లేపుకుంటివే, నా బిడ్డను ఎన్నోనాడు లేపుతావో చెప్పు" అని అడిగింది. కేక కాదు. అంగట్లో బాకీ అడిగినట్టు అడిగింది. జనం గుండెలు ఆగిపోయాయి. ఉపదేశి ఏమంటాడో అని అందరూ ఆయన వైపు చూశారు. ఆయన బైబిలు మూసి నేల మీద కూర్చున్నాడు. చాలాసేపు ఏమీ అనలేదు. ఆఖరికి, "అడుగు తల్లీ. ఆయన్ను గాక ఇంకెవరిని అడుగుతావు" అన్నాడు.

ఆమె అడుగుతూనే ఉండింది. ఏడాది పైనే. ఆదివారం ఒక్కటీ మానలేదు, పిడికెడు గింజలు మానలేదు, అడగడం మానలేదు. అత్తతో మాటల్లేకున్నా ఆ ఇంట్లోనే వండి వడ్డించే కోడలి మాదిరి ఉండింది దేవుడితో. విశ్వాసం అంటే నేను చూసింది అదే. ఇంకో మాట. చెల్లెలు పోయిన రోజు మధ్యాహ్నం ఊర్లోంచి ఒక బోయ ఆమె గుడ్డలో సద్ద రొట్టెలు కట్టుకుని వచ్చింది. మా ఇంట్లో నీళ్లు ముట్టని మనిషి. గడప అవతలే కూర్చుంది, కానీ మా అమ్మతో పాటు ఏడ్చింది. తర్వాత రెండేళ్లకు ఆమె కొడుకును పాము కరిస్తే మా అమ్మ జొన్న రొట్టెలు మోసుకుని ఆ వీధికి పోయింది. వాళ్లు తింటారా తినరా అని ఆలోచించలేదు. తిన్నారో లేదో నాకు తెలియదు, గిన్నె మాత్రం ఖాళీగా తిరిగొచ్చింది.

ఇప్పుడు ఇట్లాంటి తల్లి గుళ్లో నిలబడి అట్లా అడిగితే ఏం చేస్తారు? మైకు కట్ చేస్తారు. "సిస్టర్, నెగెటివ్ మాటలు వద్దు" అంటారు. ఆదివారం సాయంత్రం కౌన్సెలింగుకు రమ్మంటారు.

యోబు గ్రంథం చదివే తీరు చూడండి. మొదటి రెండు అధ్యాయాలు చదువుతారు, అక్కడి నుంచి ఒక్క గెంతు గెంతి 42వ అధ్యాయంలో దిగుతారు. ఏడు వేల గొర్రెలు పద్నాలుగు వేలయ్యాయి, మూడు వేల ఒంటెలు ఆరు వేలయ్యాయి, హల్లెలూయా, కానుకల సంచి తిప్పండి. మధ్యలో ముప్పై తొమ్మిది అధ్యాయాలు ఎవరి కోసం రాసినట్టు? ఆ ముప్పై తొమ్మిదిలో పెద్ద భాగం యోబు దేవుడితో పెట్టుకున్న తగాదా. పుట్టిన రోజును తిట్టుకున్నాడు, నా తప్పేందో చూపించమని దేవుణ్ని పంచాయితీకి పిలిచాడు. ఆయన స్నేహితులు మొదట మంచిపనే చేశారు. ఏడు పగళ్లు, ఏడు రాత్రులు నేల మీద ఆయన పక్కన ఒక్క మాటైనా ఆడకుండా కూర్చున్నారు. నోరు తెరిచాకే పాడు చేశారు. నువ్వేదో పాపం చేసి ఉంటావు, ఒప్పుకో, అంతా సర్దుకుంటుంది అన్నారు. చివర్లో దేవుడు తప్పు పట్టింది తనతో తగువు పడిన యోబును కాదు, తన తరఫున వకాల్తా పుచ్చుకున్న ఆ స్నేహితులను. మా ఉపదేశి ఏడో తరగతి దాటలేదు. ఆ ఏడు రోజుల సంగతి ఆయనకు తెలిసినట్టు ఇప్పటి డాక్టరేట్ల బోధకులకు తెలియదు.

కీర్తనలు నూటయాభైలో మూడో వంతుకు పైగా మొరలే. 88వ కీర్తన చీకటిలో మొదలై చీకటిలోనే ముగుస్తుంది, చివర ఆశీర్వాదం ఏమీ అతికించి లేదు. దాన్ని ఈ మధ్య ఏ సభలోనైనా చదవగా విన్నారా? నేను వినలేదు. గుడ్ ఫ్రైడే నాడు సిలువ మీద ఏడు మాటల ఆరాధన పన్నెండు నుంచి మూడు దాకా జరిగేది. నాలుగో మాట, అదే, దేవుడా నన్నెందుకు విడిచిపెట్టావని యేసు అడిగిన మాట, మా గుళ్లో ఒక ముసలాయనకే ఇచ్చేవాళ్లు. ఇద్దరు బిడ్డలను పాతిపెట్టినవాడు కాబట్టి ఆయన చెప్తేనే అది పలుకుతుందని పెద్దల నమ్మకం. ఆయన ఎక్కువ చెప్పేవాడు కాదు. ఆ మాట చదివి, ఆగి, "ఆయనా అడిగినాడు" అని కూర్చునేవాడు. ఇప్పుడు నాలుగో మాట సెమినరీ నుంచి వచ్చిన అబ్బాయికి ఇస్తున్నారు. తెర మీద బొమ్మలు వేసి, ఐదు నిమిషాల్లో ఈస్టరు ఆదివారానికి తీసుకుపోయి దింపుతాడు. శుక్రవారం శుక్రవారంగా ఉండనిస్తే ఏం పోతుంది నాయనా?

అసలు ఈ సీమలో విశ్వాసం పుట్టి పెరిగిందే కరువు నేలలో. మా అవ్వ వాళ్ల అవ్వ ధాత కరువు చూసిన మనిషి. 1876లో వానలు ఎగ్గొట్టాయి, రెండేళ్లు కరువు జనాన్ని పీల్చి పిప్పి చేసింది. బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు అన్నిటికంటే ఎక్కువ దెబ్బతిన్నాయి. పని చేసిన మగమనిషికి రోజుకు ఒక పౌను గింజలు, ఒక అణా చాలునని రిచర్డ్ టెంపుల్ దొర లెక్క కట్టాడు. పౌను అంటే అరకిలో కూడా కాదు. 1871 జనాభా లెక్కలకూ 1881 లెక్కలకూ మధ్య కర్నూలు జిల్లాలో నాలుగో వంతు జనం తగ్గిపోయారు. కరువులో ఆకులలములు, బ్రహ్మజెముడు పండ్లు తిని బతికిన కథలు మా ఇంట్లో తరం తర్వాత తరం చెప్పుకున్నారు.

అదే కరువులో ఒంగోలులో మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు పట్టి వేలమందికి కూలి చూపించాడు. ఆయన చేసిన ఇంకో పని నాకు ఎక్కువ నచ్చుతుంది. కరువు సాయం పంచినన్నాళ్లూ బాప్తిస్మం ఇవ్వనన్నాడు. అన్నం కోసం వచ్చారనే మాట వాళ్లమీద పడకూడదు. సాయం ఆగిపోయాక, పంచడానికి తన దగ్గర ఏమీ లేనప్పుడు, అప్పుడు రమ్మన్నాడు. వచ్చారు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది నీళ్లలోకి దిగారు. అందులో ఎక్కువమంది మాదిగలు. గంజి కేంద్రం మూసేశాక వచ్చినవాళ్లు వాళ్లు. ఈ సంగతి మా పిల్లలకు ఎవరూ చెప్పడం లేదు.

నా చిన్నప్పుడు బడిలో అమెరికా గోధుమ రవ్వ ఉప్మా, పాలపొడి పెట్టేవాళ్లు. మమ్మల్ని చూసి ఊరి పిల్లలు "పాలపొడికి కలిసినోళ్లు" అని వెక్కిరించేవాళ్లు. వాళ్లూ అదే పాలు తాగేవాళ్లు, అది వేరే సంగతి. ఆ మాటకు మా నాయన ఉడికిపోయేవాడు. ఇప్పుడు చూస్తే స్టేజీ మీద మనవాళ్లే కారు వస్తుంది, వీసా వస్తుంది, ఇల్లు వస్తుంది, విత్తనం వేయండి అని కేకలేస్తున్నారు. ఆనాడు ఎగతాళిగా అన్నదాన్ని ఈనాడు వాక్యంగా చెప్తున్నారు. మా నాయన లేడు కాబట్టి సరిపోయింది.

చావింటి సంగతి ఇంకా ఘోరం. మా రోజుల్లో ఆదరణ కూడిక అంటే రాత్రిపూట ఇరుగుపొరుగు వచ్చి పాటలు పాడి, కాసేపు ఊరికే కూర్చుని పోవడం. పొయ్యి వెలగని ఇంటికి తలా ఒక గిన్నె తెచ్చేవాళ్లు. ఇప్పుడు ఆదరణ కూడికకు ఫ్లెక్సీ వేస్తున్నారు! పోయిన మనిషి ఫోటో ఒక మూల, వచ్చే దైవజనుల ఫోటోలు నిలువెత్తు. షామియానా, కేటరింగు, శాలువాలు. మొగుడు పోయిన ఆమె లోపల గదిలో కూర్చుని కుర్చీల అద్దె ఎంతయిందో లెక్క వేసుకుంటూ ఉంటుంది. ఇక వాట్సాప్ గ్రూపులో ప్రార్థన మనవి పెడితే రెండు చేతుల బొమ్మలు వరసగా వచ్చి పడతాయి, ఆమెన్, ఆమెన్, ఆమెన్. వాటిల్లో ఒక్కరైనా చెప్పులేసుకుని ఇంటిదాకా వస్తే ఒట్టు.

2009 వరద మర్చిపోయేది కాదు. అక్టోబరు 2, గాంధీ జయంతి. తుంగభద్ర మంత్రాలయాన్ని ముంచేసింది. మఠం, బజారు, సత్రాలు అన్నీ నీళ్లలో. కింద కర్నూలు పట్నం కూడా మునిగింది. మంత్రాలయం అంటే నాకు పరాయి ఊరు కాదు. మా పేట సగం ఆ యాత్రికుల మీదే బతికింది, బస్టాండులో మూటలు మోసి, సత్రాలు ఊడ్చి. పాత మంచాల గ్రామాన్ని రాఘవేంద్ర స్వామికి ఇచ్చింది ఆదోని నవాబు సిద్ది మసూద్ ఖాన్ అని పెద్దలు చెప్పుకునేవాళ్లు. తురక నవాబు ఇచ్చిన నేల మీద బ్రాహ్మణ స్వామి మఠం, ఆ మఠం వాకిట్లో కిరస్తానం కూలోళ్లు. ఇక్కడ ఒకరి కష్టంలో ఒకరు కాళ్లు పెట్టకుండా బతికే దారే లేదు. వరద వచ్చినప్పుడు మా సంఘం ఆడవాళ్లు రాత్రంతా పులిహోర కలిపి పొట్లాలు కట్టారు. నది పక్క పల్లెల్లో గట్టుల మీద కూర్చున్న జనం తిన్నారు. ఎవరు ఏ దేవుడికి మొక్కుతారని ఏ ఆడమనిషీ అడగలేదు.

నీళ్లు తీశాక నాలుగు వారాలకు ఎక్కడినుంచో ఒక బోధకుడు మైకు సెట్టుతో వచ్చి, ఈ వరద విగ్రహాల మీద దేవుని ఉగ్రత అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఆ ఉగ్రత మా పేట కొట్టాలను కూడా ఈడ్చుకుపోయింది కదా, దారి తప్పిందా? యెరూషలేములో సిలోయము గోపురం కూలి పద్దెనిమిది మంది చచ్చిపోతే, వాళ్లు మీకంటే పాపులని అనుకుంటున్నారా అని యేసే అడిగాడు. కాదన్నాడు కూడా. లూకా 13వ అధ్యాయం. బైబిలు చంకలో పెట్టుకుని తిరిగేవాడు దాన్ని అప్పుడప్పుడు తెరవాలి.

ఇప్పటి కష్టాలు చిన్నవని నేను అనడం లేదు. మా పశ్చిమ పల్లెలు నేటికీ సుగ్గికి, అంటే వలస కూలికి, పోతూనే ఉన్నాయి. కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, మంత్రాలయం మండలాల్లో పంట తీరగానే ఇళ్లకు తాళాలు పడతాయి. గుంటూరు మిరప చేలకు, హైదరాబాదుకు, బెంగుళూరుకు. క్రిస్మస్ నాడు గుళ్లో ముసలివాళ్లమే మిగులుతాం. తుంగభద్ర డ్యాము 1953లో పూర్తయింది, ఎల్లెల్సీ అనే దిగువ కాలువ తవ్వారు, నీళ్లు చివరి పొలాల దాకా ఎప్పుడొస్తాయో ఆ కాలువకే తెలియదు. 2024 ఆగస్టులో డ్యాము 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు ఇక్కడ రైతులకు అన్నం సయించలేదు. కష్టం ఎప్పటిది అప్పటికి పెద్దది. నా కోపం దాన్ని దాచిపెట్టుకునే పద్ధతి మీద.

మా సంఘంలో ఒక పత్తి రైతు ఉండేవాడు. పేరు వద్దు, ఊరూ వద్దు. ప్రతి ఆదివారం నా ముందు బెంచీలో కూర్చునేవాడు. చేతులెత్తి పాడేవాడు. "ఎట్లున్నావప్పా" అంటే "ప్రైజ్ ది లార్డ్, బాగున్నా సార్" అనేవాడు. బోరు మీద బోరు వేసి ఎండబెట్టుకున్నాడని, మూడు చోట్ల అప్పుందని, ఆదోని యార్డులో పత్తి అమ్మిన డబ్బు వడ్డీకే పోయిందని మాకు ఎవరికీ తెలియదు. ప్రాణం తీసుకున్నాక తెలిసింది. సమాధి దగ్గర ఒక పెద్దమనిషి, "విశ్వాసంలో బలహీనపడ్డాడు" అన్నాడు. బలహీనపడింది ఎవరు? అప్పుల్లో ఉన్నానని చెప్పడానికి ఒక్క బుధవారం కూడా లేకుండా చేసిన సంఘమా, వాడా? మా అవ్వల కూడికలో అయితే ఆ మనిషి కష్టం మూడో వారానికే అందరి నోళ్లలో నానేది. అప్పు తీర్చేవాళ్లం కాదు, అంత ఎవరి దగ్గర ఉండేది? కానీ రాత్రి ఒంటరిగా పొలానికి పోతుంటే ఎవడో ఒకడు వెంట పోయేవాడు.

పాత రోజులన్నీ బంగారమని నా చేత అనిపించకండి. ఆ రోజుల్లో "ఓర్చుకో" అనే మాటను మా నెత్తిన రాయిలా పెట్టిన అయ్యగార్లూ ఉన్నారు. జీతానికి పెట్టిన పిల్లవాణ్ని రెడ్డి చితకబాదితే, నీ సిలువ నువ్వు మోయి అని చెప్పి పంపినవాళ్లున్నారు. యేసు సిలువ వేరు, రెడ్డి చేతిలో చెర్నాకోల వేరు. తాగి కొట్టే మొగుణ్ని భరించడం దేవుని చిత్తమని చెప్పినవాళ్లకు ఇప్పటికీ నేను నమస్కారం పెట్టను. మా కులం మతంతో మాసిపోలేదు. ఎస్సీ కాదు, బీసీ-సీ అని కాగితం ఇచ్చారు. ఊర్లో టీ గ్లాసు మాత్రం పాతదే, వేరుగానే పెట్టారు. రోగమొస్తే ప్రార్థన చాలని ఆసుపత్రికి పోనీయని మూర్ఖులు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. మా చెల్లెలికి ఇవాళైతే ఒక సెలైన్ సీసా సరిపోయేది. ఆ విషయంలో ఈ రోజులే మేలు, నూరు సార్లు మేలు.

కానీ తెరిచిన గుండె అనేది ఒకటుంది, అది ఆసుపత్రి ఇచ్చేది కాదు. 1999 జనవరిలో ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో మిషనరీ గ్రాహం స్టెయిన్స్‌ను, ఆయన ఇద్దరు కొడుకులను జీపులో తగలబెట్టారు. ఆయన భార్య గ్లాడిస్ చంపినవాళ్లను క్షమించానన్నది. ఆ ఒక్క మాటను మనవాళ్లు పోస్టర్లు వేసి పంచారు. తర్వాత సంగతి ఎవరూ పంచరు. ఆమె వెంటనే దేశం విడిచి పోలేదు. మిగిలిన కూతురితో అక్కడే ఉండి, బారిపదాలో భర్త చూసుకున్న కుష్ఠురోగుల ఆశ్రమం పని 2004 దాకా చూసింది. ఏడుపు ఆపుకుని చేసిందని నేను అనుకోను. ఏడుస్తూనే చేసి ఉంటుంది.

పౌలు కొరింథీయులకు రాసిన రెండో పత్రికలో ఆరో అధ్యాయం ఉంది. మా ఉపదేశి దాన్ని చదివించిన తీరు చెప్తాను. ముందు ఆ దెబ్బల జాబితా ఒక పిల్లవాడితో చదివించేవాడు. దెబ్బలు, చెరసాలలు, అల్లర్లు, నిద్రలేని రాత్రులు, ఆకలి. వెంటనే ఇంకో పిల్లవాడితో తర్వాతి మాటలు చదివించేవాడు, మీ విషయంలో మా హృదయం విశాలంగా తెరిచి ఉంది, మీరూ తెరవండి అని పౌలు బతిమాలుకునే చోటు. "దెబ్బలు తగిలిన చోట తలుపేసుకోలేదు చూడండి" అనేవాడు. ఇదే పౌలు తన శరీరంలో ముల్లు తీసెయ్యమని మూడుసార్లు వేడుకున్నాడు. తీయలేదు. ఇప్పటి లెక్కన పౌలుకు సాక్ష్యం చెప్పే అర్హత లేదు. మైకు దగ్గరకు రానివ్వరు.

అందుకే ఎమ్మిగనూరు, ఆదోని, మంత్రాలయం సంఘాల పెద్దలకు నా మనవి ఒకటి. ఆదివారం గెలిచినవాళ్లకు మైకు ఇస్తున్నారు, ఇవ్వండి, వాళ్ల సంతోషం వాళ్లది. వారానికి ఒక రాత్రి మాత్రం మైకు, కీబోర్డు, ఫేస్‌బుక్ లైవు లేకుండా ఒక ఇంట్లో చాపలు పరవండి. ఇంకా గెలవనివాళ్లను ముందు పిలవండి. వాళ్లు చెప్పింది విని, వెంటనే వాక్యం విసరకుండా, నోరు మూసుకుని కూర్చోండి. సుగ్గికి పోయి ఊర్లో లేనివాళ్ల ముసలి తల్లిదండ్రులను బండి మీద తీసుకురండి, నడవలేరు. గింజల కుండ మాత్రం నేను తెస్తాను. మా అవ్వది ఇంట్లోనే ఉంది.